రాచ్‌ఫర్డ్ కిటికీలో ఎండ

ఇంగ్లండులో ఏం చూశారని అడిగితే మావారు లండన్ టవర్ దగ్గర మొదలుపెట్టి గ్రీనిచ్ దాకా ఏకరువు పెడతారు. నన్నడిగితే రాచ్‌ఫర్డ్ అంటాను. ఆ పేరు వినగానే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగి, "అదెక్కడ?" అంటారు. ఎసెక్స్‌లో, సముద్రానికి కాస్త ఇవతల, రాచ్ అనే చిన్న ఏటి పక్కన ఉన్న ఊరది. లండన్ చూడటానికి వెళ్ళినవాళ్ళకి అటు వెళ్ళే పనే ఉండదు. నేను మాత్రం ఆ పేరు జిల్లా ఆసుపత్రి ల్యాబులో చేరిన కొత్తలోనే విన్నాను.

అప్పట్లో మాకు పని నేర్పిన సీనియర్ టెక్నీషియన్ గారు కామెర్లని కొలిచే బిలిరుబిన్ శాంపిల్ దగ్గర మహా చాదస్తంగా ఉండేవారు. "దీనికి వెలుతురంటే పడదమ్మా. గొట్టం బయట పెట్టావా, రీడింగు పోయినట్టే" అనేవారు. ఎక్స్‌రే ఫిల్ముల మధ్య వచ్చే నల్లకాగితాలు అడిగి తెచ్చుకుని, ముక్కలు కత్తిరించి ట్యూబులకి చుట్టేవాళ్ళం. సీరం తీశాక వెంటనే చెయ్యడం కుదరకపోతే చెక్కసొరుగులో పెట్టి మూసేవాళ్ళం. ఆ రోజుల్లోనే మా పిల్లల వార్డుకి నీలిరంగు దీపాల పెట్టె ఒకటి వచ్చింది. కామెర్లొచ్చిన పసికందుల్ని బట్టల్లేకుండా దాని కింద పడుకోబెడుతున్నారు. ఇక్కడ మనం రక్తానికి వెలుతురు తగలకుండా ఇంత తంటాలు పడుతుంటే అక్కడ కావాలని వెలుతురు పెడతారేమిటి గురువుగారూ అని అడిగాను. "రెండూ ఒకటేనమ్మా. ఇంగ్లండులో రాచ్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఎవరో గొట్టం కిటికీలో వదిలేశారు. అందులోంచి పుట్టిందే ఆ పెట్టె" అన్నారాయన. అంతకంటే వివరం ఆయన దగ్గరా లేదు. సంగతంతా నేను తర్వాత ఎప్పటికో చదువుకుని తెలుసుకున్నాను.

బిలిరుబిన్ పరీక్ష అంటే ఇప్పటి పిల్లలకి మిషన్‌లో ట్యూబు పెట్టి తెర మీద అంకె చూడటం. మాకు అదొక వంట. సల్ఫానిలిక్ యాసిడ్ ద్రావణం ఒక సీసాలో, సోడియం నైట్రైట్ ఇంకో సీసాలో. రెండింటినీ ఏ పూటకాపూట కలుపుకుంటే డయజో రీఏజెంట్. అది సీరంలోని పసుపుని పట్టుకుని గులాబీ వైపు, ఎక్కువుంటే ఊదా వైపు తిరుగుతుంది. ఈ రంగు మారడాన్ని 1883లో జర్మనీలో పాల్ ఎర్లిక్ కనిపెట్టాడు. 1916లో నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ బర్గ్ అనే వైద్యుడు, తన సహచరుడు ముల్లర్‌తో కలిసి ఇంకో సంగతి చూశాడు. కొందరి సీరం డయజో పడగానే రంగు తిరుగుతుంది, కొందరిది ఆల్కహాల్ కలిపితే తప్ప తిరగదు. వెంటనే తిరిగేది డైరెక్ట్, ఆల్కహాల్ కోరేది ఇండైరెక్ట్. ఇప్పటికీ మన రిపోర్టుల్లో ఉండే ఆ రెండు వరసలు అక్కణ్ణించి వచ్చినవే. 1937లో మలాయ్, ఎవలిన్ అనే ఇద్దరు ఆల్కహాల్ స్థానంలో మిథనాల్ పెట్టి, కలరీమీటరు మీద 540 నానోమీటర్ల దగ్గర చదివే పద్ధతి స్థిరం చేశారు. మేం చేసింది అదే. ఒక ట్యూబులో నీళ్ళు, ఇంకోదాంట్లో మిథనాల్. నీళ్ళ ట్యూబు నిమిషంలో చదవాలి, మిథనాల్ ట్యూబు అరగంట ఆగి చదవాలి. ఆ అరగంటలో వార్డునుంచి నాలుగుసార్లు ఆయా వచ్చి "అయ్యిందా మేడం?" అని అడిగి వెళ్ళేది.

ఆ తొందర ఊరికే కాదు. కాలేయం ఇంకా పూర్తిగా పని అందుకోని పసిబిడ్డలో ఇండైరెక్ట్ బిలిరుబిన్ పేరుకుపోతే అది మెదడులోకి దిగుతుంది. దిగితే వినికిడి పోవచ్చు, కాళ్ళూ చేతులూ జీవితాంతం స్వాధీనంలో లేకుండా పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. 20 మిల్లీగ్రాములు దాటిందంటే ఆ రోజుల్లో డాక్టర్లు రక్తం మార్పిడికి సిద్ధమైపోయేవాళ్ళు. బొడ్డు దగ్గరి రక్తనాళంలోంచి కాస్త కాస్తగా బిడ్డ రక్తం తీస్తూ, దాత రక్తం ఎక్కిస్తూ గంటలకొద్దీ సాగే పని. 19 అని రాయాలా 21 అని రాయాలా అన్నది మా కలరీమీటరు ముల్లు మీద ఆధారపడి ఉండేది. రాత్రి డ్యూటీలో అలాంటి శాంపిల్ వస్తే ఒకే సీరాన్ని రెండుసార్లు పెట్టుకునేదాన్ని.

అమ్మాయి కాన్పుకి రామ్‌ఫర్డ్ వెళ్ళాం. లండన్ తూర్పు అంచున ఉన్న ఊరు. వీధికో తెలుగిల్లు, దొండకాయల దగ్గర్నించి గోంగూర దాకా దొరికే కొట్లూ ఉన్నాయి. నేను సూట్‌కేసు నిండా మోసుకెళ్ళిన శొంఠి, వాము, బాలింత కాయం అన్నీ అక్కడే అమ్ముతుంటే మావారు నా వంక చూసి నవ్వారు. సామాను బరువు దగ్గర ఎయిర్‌పోర్టులో ఆయన పడ్డ పాట్లు అలాంటివి మరి.

మనవడు పుట్టాడు. మర్నాటికే తల్లినీ బిడ్డనీ ఇంటికి పంపేశారు. మూడోరోజు మిడ్‌వైఫ్ ఇంటికే వచ్చింది. కేరళ అమ్మాయి. వాణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, బట్టలు విప్పి, రొమ్ము మీద వేలితో నొక్కి వదిలి చూసింది. కనుగుడ్లు చూసింది, చిగుళ్ళు చూసింది. నేనూ చూశాను. మన ఒంటి రంగు మీద పసుపు తొందరగా బయటపడదు. చర్మం చామనఛాయలో ఉన్నప్పుడు చిగుళ్ళూ కనుగుడ్లే దారి చూపిస్తాయి. అవి చూసి ఉందని చెప్పగలం గానీ ఎంతుందో చెప్పలేం. కళ్ళతో చూసి అంకె చెప్పేవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళలో డాక్టర్లూ ఉన్నారు. వాళ్ళ అంచనాకీ నా కలరీమీటరుకీ ఎప్పుడూ సరిపడేది కాదు. అక్కడి జాతీయ మార్గదర్శకాల్లో, చూపు మీద ఆధారపడి బిలిరుబిన్ అంచనా వెయ్యొద్దని స్పష్టంగా రాసి ఉంది. చదివి నాకు కొంత తృప్తి కలిగిందని ఒప్పుకోవాలి.

ఆ అమ్మాయి సంచిలోంచి టార్చిలాంటి పరికరం తీసి బిడ్డ రొమ్ముకి ఆనించింది. చిన్న మెరుపు, అంకె వచ్చింది. సూది లేదు, రక్తం లేదు. చర్మం లోపలికి కాంతి పంపి, తిరిగొచ్చిన కాంతిలో పసుపు ఎంత మింగేసిందో లెక్క కడుతుంది. నేను దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, "మీరు ల్యాబులో చేసేవారా ఆంటీ?" అంది. అయితే ఆ యంత్రానికీ హద్దు ఉంది. అంకె 250 దాటితే దాన్ని నమ్మకూడదు, రక్తమే తియ్యాలి. మావాడిది దాటింది. "భయం లేదు, కానీ ఇవాళే ఆసుపత్రికి వెళ్ళండి. నేను ఫోన్ చేసి చెబుతాను" అంది.

ఆసుపత్రిలో నర్సు మడమ వెచ్చబెట్టి, పక్కవాటుగా గుచ్చింది. మొదటి చుక్క తుడిచేసింది. మడమని పిండకుండా, చుక్క దానంతటది ఊరేదాకా ఆగుతూ పట్టింది. గట్టిగా పిండితే ఎర్రకణాలు చితికిపోతాయి. ఆ ఎరుపు సీరంలోకి దిగితే డయజో పద్ధతిలో బిలిరుబిన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, ఎక్కువున్న బిడ్డని తక్కువుందని ఇంటికి పంపే ప్రమాదం ఉంది. మా వార్డునుంచి ఎర్రగా చితికిన శాంపిల్ వస్తే నేను తిప్పి పంపేదాన్ని. దానికి నర్సులతో ఎన్ని తగాదాలో! ఇక్కడి నర్సు పట్టిన గొట్టం చిటికెన వేలంత కూడా లేదు, ముదురు గోధుమరంగులో ఉంది. వెలుతురు తగలకుండా రంగు గొట్టమే తయారు చేసేశారు. మా నల్లకాగితాలు గుర్తొచ్చాయి.

రిపోర్టు 320 అని వచ్చింది.

మావారి ముఖం పాలిపోయింది. ఇన్నేళ్ళు నా పక్కనే ఉండి 20 దాటితే ప్రమాదమని వినీ వినీ ఉన్న మనిషి. "మూడొందల ఇరవయ్యా!" అన్నారు, కుర్చీ పట్టుకుని. అక్కడ మిల్లీగ్రాముల్లో చెప్పరు, మైక్రోమోల్స్‌లో చెబుతారు. 17.1తో భాగిస్తే మన లెక్కలోకి వస్తుంది. 18.7. అదీ తక్కువేం కాదు, కానీ ఆయన ఊహించినంత కాదు. చేతిసంచిలో ఉన్న బిల్లు వెనక భాగహారం వేసి చూపించేదాకా ఆయన కుదుటపడలేదు.

డాక్టరమ్మ ఒక గ్రాఫ్ కాగితం తెచ్చింది. అడుగున బిడ్డ వయసు గంటల్లో, పక్కన బిలిరుబిన్. నెలలు నిండి పుట్టిన బిడ్డకి 24 గంటల దగ్గర 200, 48 దగ్గర 250, 72 దగ్గర 300, 96కి 350 దగ్గర గీత సమమవుతుంది. ఆ గీత దాటితే దీపం కింద పెట్టాలి. పైన ఇంకో గీత, 450 దాకా వెళ్ళేది, రక్తం మార్పిడికి. మావాడి చుక్క కింది గీతకి కాస్త పైన పడింది. అదే 320 ఇంకో రోజు తర్వాత వచ్చి ఉంటే దీపం అక్కర్లేకపోయేది. ఒకే అంకెకి గంటని బట్టి అర్థం మారుతుంది. మా కాలంలో శాంపిల్ కాగితం మీద బిడ్డ పుట్టిన గంట రాయమని అడిగితే, అదెందుకని ఎదురు అడిగేవాళ్ళు.

కూంబ్స్ పరీక్ష నెగెటివ్ వచ్చింది. అమ్మాయిది ఓ గ్రూపు, వాడిది బి, అందుకే ఆ పరీక్ష చేశారు. తల్లి రక్తంలోని యాంటీబాడీలు బిడ్డ ఎర్రకణాలని విరగ్గొడుతుంటే అది వేరే కథయ్యేది.

నీలిదీపం వెలిగించారు. వాడి కళ్ళకి మెత్తటి గంతలు కట్టి, డైపర్ ఒక్కటి ఉంచి పడుకోబెట్టారు. అమ్మాయి ఏడ్చింది. "అమ్మా, ఒక్కడే ఆ పెట్టెలో..." అంది. పాలివ్వడానికి ఎప్పుడైనా తీసుకోవచ్చే, దీపం పారిపోదు అన్నాను. తర్వాతి రక్తం తియ్యడానికి నర్సు వచ్చినప్పుడు ముందుగా దీపం ఆర్పింది. ఎందుకు ఆర్పిందని మా అల్లుడు అడిగాడు. చర్మం మీద వెలుతురు చేసే పనే గొట్టంలోనూ చేస్తుంది బాబూ, పడుతున్న చుక్క మీద ఆ వెలుగు పడితే రీడింగు తప్పు వస్తుంది అన్నాను. నర్సు నా వంక తిరిగి, "అది ఎలా కనిపెట్టారో తెలుసా? ఇక్కడికి దగ్గర్లోనే, రాచ్‌ఫర్డ్‌లో" అంది.

ఆ పేరు ఆ నోట వినడం నాకు ఎలా అనిపించిందో చెప్పలేను. దగ్గర్లోనేనా! మ్యాపు చూస్తే రైల్లో గంట కూడా పట్టదు.

రీడింగు మెల్లగా దిగుతూ వచ్చింది. గీతకి 50 కిందికి వచ్చాక దీపం తీసేశారు. తీశాక కొన్ని గంటలకి మళ్ళీ ఒకసారి చూస్తారు, తిరిగి పెరుగుతుందేమోనని. పెరగలేదు. ఈలోగా కాకినాడ నుంచి మా పిన్ని రోజూ ఫోను. "ఆ దీపాలూ అవీ ఎందుకే? పొద్దున్నే లేత ఎండలో పెట్టండి, మనం అందర్నీ అలాగే పెంచాం" అని. పిన్ని మాట కొట్టిపారెయ్యలేను, ఎండలో ఆ నీలికాంతి ఉన్న మాట నిజమే. కానీ ఎంత వెలుగు ఎంతసేపు పడిందో కొలవలేం, ఒళ్ళు కాలచ్చు, చలి పట్టచ్చు. అందుకే ఎండని వైద్యంగా వాడొద్దని అక్కడి మార్గదర్శకాలు అంటాయి. "ఇక్కడ ఎండేదీ పిన్నీ పెట్టడానికి?" అని తప్పించుకున్నాను. విచిత్రం ఏమిటంటే పిన్ని చెప్పినదానికీ ఆ దీపానికీ మూలం ఒకటే, అదీ సరిగ్గా ఆ ఎండలేని దేశంలోనే.

పిల్లవాడు కుదుటపడ్డాక ఒక మధ్యాహ్నం మావారిని బయల్దేరదీశాను. "ఆసుపత్రి చూడటానికి రైలెక్కి వెళ్ళే మనిషిని నిన్నే చూశాను" అని సణుగుతూనే వచ్చారు. రామ్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ లైన్ ఎక్కి షెన్‌ఫీల్డ్‌లో దిగి, సౌతెండ్ విక్టోరియా వెళ్ళే బండి పట్టుకున్నాం. బిలరికీ, విక్‌ఫర్డ్, రేలీ, హాక్‌లీ. ఊళ్ళ మధ్య గడ్డిపొలాలు, గుర్రాలు, తుప్పలు. మన గోదావరి పాసింజరులో ఉండే సందడి లేదు. ఎదురు సీట్లో కుర్రాడు చెవుల్లో పెట్టుకున్నవి తియ్యకుండానే మాకు దారిచ్చాడు.

రాచ్‌ఫర్డ్ స్టేషన్ బయటికి రాగానే గోల్ఫ్ మైదానం, దాని వెనక రాచ్‌ఫర్డ్ హాల్ అనే పాత భవంతి. ఎనిమిదో హెన్రీ రాజు భార్య ఆన్ బొలీన్ పుట్టింటివాళ్ళదట ఆ భవంతి. ఆన్ తోబుట్టువు మేరీకి చివరి రోజుల్లో ఇది దక్కింది. ఇదంతా మావారు రాత్రి చదువుకుని వచ్చారు. "తల నరికించుకున్నావిడ చుట్టాల ఇల్లు ఇది" అని ఫొటోలు తీసుకున్నారు. ఆయన యాత్ర అక్కడితో సఫలం. నా యాత్ర ఇంకాస్త ముందుకి.

ఆసుపత్రి ఉన్న వీధి స్టేషనుకి నడిచే దూరంలోనే ఉంది. మొదట అది బీదాబిక్కీని పెట్టే వర్క్‌హౌస్, 19వ శతాబ్దం నాటిది. తర్వాత జనరల్ ఆసుపత్రి అయింది. 1930ల నాటి ఇటుక భవనాలు, ఓడ ఆకారంలా నున్నగా వంపు తిరిగిన గోడలూ ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. జనరల్ ఆసుపత్రి పనులు సౌతెండ్‌కి తరలిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఒక వైపు మానసిక ఆరోగ్య సేవలు, మిగతా స్థలంలో ఇళ్ళు. లోపలికి పోవడానికి మనకి పని లేదు. ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాను.

1956 వేసవి. ఇక్కడ నెలలు నిండని బిడ్డల విభాగానికి సిస్టర్ జీన్ వార్డ్ అనే ఆవిడ పెద్ద. గదుల ఉక్కలో కంటే ఆరుబయట గాలి బిడ్డలకి మంచిదని ఆవిడ నమ్మకం. ఎండకాసిన రోజున, వాళ్ళని తోపుడు బండ్లలో ముంగిట్లోకి తెచ్చి తిప్పి, డాక్టర్లు వచ్చే వేళకి మళ్ళీ లోపల పెట్టేసేది. ఒకనాడు డాబ్స్ అనే పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు, బెరుకు బెరుకుగానే ఒక బిడ్డ దుప్పటి తీసి చూపించింది. ఒళ్ళంతా లేతగా ఉంది, ఒక్కచోట మాత్రం త్రికోణంలా చిక్కటి పసుపు. ఏం పూశారు సిస్టర్, అయోడినా అని ఆయన అడిగాడు. పూయలేదు, ఎండ వల్ల అనుకుంటాను అంది. ఎండకి ఒళ్ళు రంగెక్కడానికి రోజులు పడుతుంది కదా అన్నాడాయన. ఆవిడ ఇంకా ఇబ్బందిపడుతూ అసలు సంగతి చెప్పింది. పసుపెక్కింది ఆ త్రికోణం కాదు. దుప్పటి కొస కప్పిన చోట కామెర్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, మిగతా ఒళ్ళంతా ఎండకి వెలిసిపోయింది. ఈ కథని డాబ్స్, ఆయన దగ్గర పనిచేసిన క్రీమర్ కలిసి 1975లో తామే రాసుకున్నారు. తమకి అప్పుడు తట్టలేదన్న సంగతి కూడా దాచుకోలేదు.

తట్టింది ల్యాబు దగ్గర. కొన్ని వారాలకి ఒక బిడ్డకి రక్తం మార్పిడి చెయ్యాల్సి వచ్చి శాంపిల్ పంపారు. రిపోర్టు ఊహించినదానికంటే చాలా తక్కువ వచ్చింది. బిడ్డని చూస్తే పచ్చగా ఉన్నాడు. ల్యాబులో ఏదో గందరగోళం అయిందనుకున్నారు. ఎవరైనా అదే అనుకుంటారు. తాజా శాంపిల్ పంపితే ఎక్కువ వచ్చింది. ఇక పాత గొట్టం సంగతేమిటని చూస్తే అది కిటికీ గట్టు మీద, ఎండలో ఉండిపోయింది. దాన్నే మళ్ళీ చేస్తే ఇంకా దిగింది. అప్పుడు పెరీమన్ అనే బయోకెమిస్టూ, క్రీమరూ సీరాన్ని కావాలని ఎండలో పెట్టి గంటగంటకీ చదవడం మొదలుపెట్టారు. సిస్టర్ చూపించిన త్రికోణం అప్పుడు గుర్తొచ్చింది.

నేను అక్కడ నిలబడి ఆలోచించింది ఆ పాత గొట్టం సంగతే. ఒక రీడింగు మిగతావాటితో పొసగకపోతే ల్యాబులో మేం చేసే పని ఒక్కటే, "రిపీట్" అని రాసి కొత్త శాంపిల్ అడగడం. రోగి క్షేమానికి అది సరైన పనే. కొత్త రీడింగు రాగానే పాత గొట్టం సింకులోకి పోతుంది. వీళ్ళు కొత్త శాంపిల్ అడిగారు, దాని ప్రకారం వైద్యం చేశారు, కానీ పాత గొట్టాన్ని పారెయ్యలేదు. మళ్ళీ చేసి చూశారు. రోజుకి వందల శాంపిళ్ళు వచ్చే చోట ఆ తీరిక దొరకదని నాకు తెలుసు. చిన్న ఊరి ఆసుపత్రి కావడమే వాళ్ళకి కలిసొచ్చిందని నా అనుమానం.

బిడ్డల్ని ఎండలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూశారు. దిగింది. ఇంగ్లండు ఎండని నమ్ముకుంటే వైద్యం సాగదు కదా, క్రీమర్ ఉయ్యాల పైకి బోర్లించే ఉపకరణం ఒకటి తయారు చేయించాడు. అర్ధవృత్తంగా వంచిన స్టెయిన్‌లెస్ స్టీలు రేకు, దాని లోపల ఎనిమిది నీలి ట్యూబ్‌లైట్లు. 1958 మే నెల లాన్సెట్‌లో క్రీమర్, పెరీమన్, రిచర్డ్స్ పేర్లతో వ్యాసం వచ్చింది. దక్షిణ అమెరికాలో త్వరగా అందుకున్నారు, అమెరికా వాళ్ళు పదేళ్ళు సందేహించారు. 1968లో వెర్మాంట్‌లో జెరోల్డ్ లూసీ, దీపం పెట్టిన బిడ్డలనీ పెట్టనివాళ్ళనీ పక్కపక్కన పోల్చి చూపించాక అక్కడా ఒప్పుకున్నారు. దీపం ఏం చేస్తుందో ఇంకా తర్వాత తేలింది. కాంతి తగిలితే బిలిరుబిన్ అణువు మడత విప్పుకుని నీళ్ళలో కరిగే రూపానికి మారుతుంది. అప్పుడు కాలేయం దాన్ని సిద్ధం చేసే పని లేకుండానే పైత్యరసంలోకీ, మూత్రంలోకీ పోతుంది.

లాన్సెట్ వ్యాసం రాసినవాళ్ళలో సిస్టర్ వార్డ్ పేరు లేదు. అప్పటి పద్ధతి అంతేనని సరిపెట్టుకోవచ్చు. నాకు సరిపడలేదు. మొదట చూసింది ఆవిడ, చూసినదానికి సరైన అర్థం చెప్పింది కూడా ఆవిడే. అర్థం చేసుకోలేకపోయింది పెద్ద డాక్టరు. మా ఆసుపత్రిలోనూ పసికందు పచ్చబడిందని మొదట పసిగట్టింది చాలాసార్లు ఆయాలే. కేస్‌షీటులో అది ఎక్కడా రాయరు.

అంతసేపు గోడ వంక చూస్తూ నిలబడ్డ చీరకట్టు మనిషిని చూసి, కుక్కని తిప్పుతున్న ఒక పెద్దావిడ ఆగింది. ఎవరికోసమైనా వచ్చారా అని మర్యాదగా అడిగింది. కారణం చెప్పాను. మావారు ఇబ్బందిగా గోల్ఫ్ మైదానం వైపు చూస్తున్నారు. ఆవిడ కుక్కని కూర్చోబెట్టి మొత్తం విన్నది. తను ఇక్కడే పుట్టిందట, తమ్ముడూ ఇక్కడే, వాడు నెలలు నిండకుండా పుట్టాడట. నీలిదీపం సంగతి ఆవిడకి తెలియదు. "మా అమ్మ చెప్పేది, బిడ్డల బండ్లన్నీ ఎండలో వరసగా పెట్టేవాళ్ళని. చూడటానికి ముచ్చటగా ఉండేదట. అందులో ఇంత ఉందా?" అంది. మా మనవడి సంగతి అడిగింది. 320 వచ్చిందని చెప్పాను. ఆ అంకె ఆవిడకి పెద్దగా ఏమీ అనిపించలేదు. "ఇప్పుడు పాలు తాగుతున్నాడా?" అంది. అదే సరైన ప్రశ్న.

మార్కెట్ స్క్వేర్‌లో టీ తాగి తిరుగు రైలెక్కాం. పాలు వేరే గిన్నెలో ఇచ్చారు, చక్కెర కాగితపు పొట్లాల్లో. మావారికి ఆ టీ నచ్చలేదు గానీ కథ పట్టుకుంది. హాక్‌లీ దాటాక హఠాత్తుగా అడిగారు.

"ఇంతకీ ఆ గొట్టం కిటికీలో వదిలేసిన మనిషి పేరేమిటి?"

"నేను చదివినదాంట్లో ఎక్కడా లేదండీ."

"పోనీలే, మంచిపని చేశారు. మీ ఆసుపత్రిలో అయితే మెమో ఇచ్చేవాళ్ళు."

"మెమో ఒక్కటేనా? ఇంక్రిమెంటు కూడా ఆపేవాళ్ళు" అన్నాను.